కత్తిరించిన ఆరు లైన్లు

"ఆ 'మందు వద్దు' పెద్దాయన మళ్లీ వచ్చారు మేడం."

రిసెప్షన్ నుంచి ఫోన్. ఆరోగ్యం పేజీ చూసే సబ్ ఎడిటర్ తల పట్టుకుంది.

పత్రికాఫీసులో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. చాంతాడంత వ్యాసాన్నయినా ఉన్న చోటులో ఇమిడేలా కత్తిరించడంలో చెయ్యి తిరిగిన మనిషి.

ఆదివారం ఆమె పేజీలో ఓ డాక్టరుగారి వ్యాసం వచ్చింది. రోజూ ఓ చిన్న గ్లాసు రెడ్ వైన్ గుండెకు మేలు చేయొచ్చని. మర్నాటి నుంచి ఈ పెద్దాయన రోజూ ప్రత్యక్షం. ఇది మూడోసారి.

"లేనని చెప్పు."

"చెప్పాను మేడం. వచ్చేదాకా కూర్చుంటారట. భోజనం డబ్బా కూడా తెచ్చుకున్నారు."

పక్క సీట్లోని క్రీడల పేజీ ఆయన కిసుక్కున నవ్వాడు. "వెళ్లి రావమ్మా. లేకపోతే రేపు జెండా పట్టుకుని మరో పదిమందిని వెంటేసుకొస్తాడు."

ఆమె విసవిసా కిందికి దిగింది.

వెలిసిపోయిన చొక్కా, చంకలో గొడుగు, చేతిలో ఆదివారం పేపరు. ఆమెను చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"చూడండి పెద్దాయనా, తాగమని మేమెవరికీ చెప్పలేదు. మితంగా అన్నాం. అదీ, మేలు చేయొచ్చు అన్నామంతే."

"అన్నారమ్మా. ఎవరు ముట్టుకోకూడదో మాత్రం అనలేదు."

"అన్నీ చెప్పాలంటే పేజీ చాలదు."

"డాక్టరుగారు రాసే ఉంటారే! అంత చదువుకున్న మనిషి ఆ ముక్క మర్చిపోతారా?"



డాక్టరుగారు రాశారు. చివర్లో, ఆరు లైన్లు. పేజీ నిండిపోయింది. ఆరు లైన్లు ఎక్కువయ్యాయి. ఎప్పటిలాగే కింద నుంచి కోసేసింది.

"అలవాటు లేనివాళ్లు గుండె కోసమని కొత్తగా మొదలుపెట్టకూడదు తల్లీ. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా చుక్క ముట్టకూడదు. ఆ రెండు మాటలు వెయ్యండి, చాలు."

"మీకెందుకండీ ఇంత పట్టుదల? మీ ఇంట్లో ఎవరైనా తాగి చెడ్డారా?"

మాట తూటాలా వెళ్లింది.

పెద్దాయన నొచ్చుకున్నట్టు కనిపించలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "నా నెంబరు ఇందులో ఉందమ్మా." గొడుగు విప్పుకుని ఎండలోకి నడిచాడు.

ఆమె మెట్లెక్కుతోంది. మూడో మెట్టు మీద కాలు ఆగిపోయింది.

నాన్న!

నిరుడు గుండె ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ నాన్న వేసుకుంటున్నది ఆ మాత్రలే. జన్మలో మందు వాసన చూడని మనిషి. కానీ కూతురి పేజీ అంటే ఆయనకు వేదం. నడక మంచిదని వేస్తే బూట్లు కొన్నాడు. ఉప్పు చెడ్డదని వేస్తే ఉప్పు డబ్బా ఎదురింటికి ఇచ్చేశాడు.

ఆదివారం ఫోన్లో ఏమన్నాడు?

"నీ పేజీ చదివానమ్మా. నువ్వు చెప్పాక తప్పుతుందా!"

ఏది తప్పదో తను అడగలేదు. నవ్వి పెట్టేసింది.

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

నాన్న ఇంటికి పరుగు. రెండు వీధులు, మూడంతస్తుల మెట్లు. తలుపు ఓరగా ఉంది.

"నాన్నా!"

నాన్న వంటగదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి గడియారాలు బాగుచేసే భూతద్దం. మోకాళ్ల మధ్య ఎర్రటి సీసా. చుట్టూ బుల్లి స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు. చొక్కా నిండా బిరడా పొట్టు.

"వచ్చావా! ఆదివారం నుంచి దీంతో కుస్తీ పడుతున్నానే. నలభై ఏళ్లు గడియారాలు విప్పిన చేతులివి. ఈ ముదనష్టపు బిరడా మాత్రం ఊడి చావదు!"

"ఒక్క చుక్కయినా తాగావా?"

"ఎక్కడే తల్లీ! సగం పొడైంది, సగం లోపలే బిగుసుకుంది. బిరడా తీసే మర ఏదో ఉందట, సాయంత్రం పక్కింటాయన తెస్తానన్నాడు."

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"చేతులు ఖాళీ ఉండొద్దూ?"

ఆమె అక్కడే చతికిలబడింది. నవ్వొచ్చింది. దాని వెనకే కన్నీళ్లొచ్చాయి. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"ఇది నీకు పడదు నాన్నా. నీ మాత్రలకీ దీనికీ పొసగదు."

"మరి నీ పేజీలో ఆ మాట లేదేమే?"

"రేపు ఉంటుంది."

ఆదివారం దాకా ఆగలేదు. ఎడిటర్ని ఒప్పించి, ఆ ఆరు లైన్లనూ మర్నాటి మొదటి పేజీలో, నల్లటి గీతల మధ్య పెట్టించింది. అప్పుడు పెద్దాయన కాగితం విప్పింది. గుండ్రటి అక్షరాల్లో అవే రెండు మాటలు, కింద ఫోన్ నెంబరు. ఒక్క నిష్ఠూరం లేదు. తను మాత్రం ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు.

నెంబరు నొక్కింది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"పత్రికాఫీసు నుంచండీ. పెద్దాయన ఉన్నారా? క్షమించమని అడగాలి."

"ఆయన మూడు రోజులుగా ఆఫీసు మొహమే చూడలేదు మేడం. ఇక్కడేమో మీ వ్యాసం పుణ్యమా అని ఊపిరి సలపనన్ని ఆర్డర్లు!"

"వేటికండీ ఆర్డర్లు?"

"సీసాలకే మేడం... ఇది వైన్ కంపెనీ, ఆయన మా యజమాని."