తాడు కట్టిన మిషను

“కుట్టు ఊడిన దిండు గలీబు మీద నేను పడుకోను. దర్జీ ఇంట్లో ఇదేం ఖర్మ?” అని భర్త విసుక్కున్నాడు.

“మామయ్యగారి మిషనుని మన వీధి చరిత్ర ప్రదర్శనకి మోసుకెళ్ళింది తమరేగా!” అని భార్య దెప్పింది.

అంతలో మామగారు ప్రదర్శన నుంచి తిరిగొచ్చారు. రోజూ నూనె పడకపోతే మిషను బిగుసుకుపోతుందని పట్టుకెళ్ళిన డబ్బా నిండుగా అలాగే ఉంది.

“నూనె వెయ్యలేదా మామయ్యా?”

“ముట్టుకోకూడదటమ్మా. చుట్టూ తాడు కట్టారు. పక్కన అట్ట మీద ‘ఒకప్పుడు ఈ వీధిలో ఒక దర్జీ ఉండేవాడు’ అని రాశారు.”

“ఉండేవాడేంటి, నిక్షేపంలా ఉంటే! ఇప్పుడే వెళ్ళి అడుగుతాను,” అని భర్త లేచాడు.

“ఏమని అడుగుతావురా? మన కొట్టుకి ఆఖరుసారి గుడ్డ తెచ్చిందెవరో చెప్పు.”

భర్త తన రెడీమేడ్ చొక్కా వైపు చూసుకుని కూర్చుండిపోయాడు. ఆమె కంచాలు పెట్టింది.

అన్నం కలుపుతూ మామగారు తలెత్తకుండానే చెప్పారు.

“మిషను వాళ్ళనే ఉంచుకోమన్నాను. తిన్నాక ఆ గలీబు ఇలా తేమ్మా, చేత్తో కుట్టేస్తాను.”