వేరు పొయ్యి

"గీమె నూనె కూరలే నా పెద్దకొడుకును మింగినయి, డాక్టర్ సాబ్," అంది కొండమ్మ, పక్కనున్న పెద్దకోడలు అనురాధ వైపు చూడకుండా.

అతను గుండెపోటుతో పోయి ఏడాదైంది. అప్పటినుంచి కొండమ్మ అదే ఇంట్లో వేరు పొయ్యి మీద వండుకుంటోంది. మొన్న చిన్నకొడుక్కి స్టెంటు వేశాక తల్లీకొడుకులిద్దరికీ జన్యుపరీక్ష చేయించారు.

ఆబిడ్స్ క్లినిక్‌లో డాక్టరు రిపోర్టు మీద వేలు పెట్టాడు.

"తప్పు వంటది కాదమ్మా. గుండె రక్తనాళాలు తొందరగా పూడుకుపోయే గుణం మీ రక్తంలోనే ఉంది. చిన్నబ్బాయికి మీ నుంచే వచ్చింది. పెద్దబ్బాయికీ వచ్చే ఉంటుంది."

కొండమ్మ కొంగు సర్దుకుని లేచింది. ఏడాదిగా ఎదురుచూసిన మాట విన్నా, అనురాధకు ఏమీ అనిపించలేదు.

నాంపల్లి స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాక, అనురాధ అలవాటుగా కాస్త ఎడంగా జరిగి డబ్బా తెరిచింది.

కొండమ్మ చెయ్యి చాచింది. "జర నాకింత పెట్టు."

అనురాధ రొట్టె మీద వంకాయ కూర వేసి ఇచ్చింది. కొండమ్మ ఒక్క ముక్క నమిలి ఆగింది.

"గిండ్ల నూనె ఏదే?"

"ఆయన పోయినప్పటిసంది ఏస్తలేను, అత్తమ్మా. నువ్వన్నది నిజమే అనుకున్న."