నీలం చట్టి

నేను అక్షరాలు దిద్దింది ముసలితనంలో. రాసేది మెల్లగా, తప్పులు ఎక్కువ. దిద్దుకుని చదవండి, ఏమీ అనుకోకండి.

తెల్లదొరల కాలం. ఎర్రగుంట్ల రైలు ఆఫీసు రైటరు నారాయణ భార్య నాగలక్ష్మమ్మకు ఆ ఉదయం వంటింట్లో నీలం చట్టి కనిపించలేదు.

బరువైన ఇనుప చట్టి అది. బయట నీలం పింగాణీ పూత, లోపల పాల తెలుపు. రైలు దొర తన దేశం ఇంగ్లండుకు పోతూ తన పని మెచ్చి ఇచ్చిపోయాడని నారాయణ చెప్పాడు. ఆ మాట నాగలక్ష్మమ్మ వీధంతా చెప్పుకుంది.

ముందురోజు అందులో పప్పు మాడింది. అంట్లు తోమే ఈరక్కను ఇటుకపొడి వేసి రుద్దమంది.

ఈరక్క చట్టిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఇటుకపొడి పడితే తెల్లపూత లేచిపోతాదమ్మా. బూడిద గూడ వద్దు."

"ఇట్లాంటిది నీ పుట్టుకలో చూసినావా?"

ఈరక్క నవ్వింది.

ఆమె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఒకనాడు దొడ్డివాకిట నిలబడి, పూటకింత సంగటి పెడితే చాలంది. రైటరు ఆఫీసుకు పోయాక వచ్చేది, ఆయన రాకముందే పోయేది. అన్నీ తోమి, చివరగా ఆ చట్టిని కుంకుడు రసంతో, పాత చీరముక్కతో, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు కడిగేది. అది చూసే నాగలక్ష్మమ్మ ఆమెను నమ్మింది. దొడ్డి తాళంచెవి కూడా ఇచ్చింది.

ఇప్పుడు చట్టీ లేదు, ఈరక్కా లేదు.

పొద్దెక్కాక ఈరక్క వచ్చింది. నెత్తిన చట్టి.

"అన్నం పెట్టిన ఇంటికే కన్నం వేస్తివి గదనే," అంది నాగలక్ష్మమ్మ.

చాకలివాళ్ళు బట్టలుడకేసే చౌడునీళ్ళలో నానబెట్టి తెచ్చానని ఈరక్క చెప్పబోయింది. ఇరుగుపొరుగు చేరారు. దొంగ అన్నారొకరు. కొంగు విప్పి చూపమన్నారొకరు. నాగలక్ష్మమ్మ ఆపలేదు.

ఈరక్క కొంగు విప్పి దులిపింది. చట్టిని గుడ్డమీద బోర్లించింది.

"కాగిన చట్టిలో చన్నీళ్ళు పోయొద్దమ్మా. పగులుతాది."

అంతే, వెళ్ళిపోయింది.

నాగలక్ష్మమ్మ చట్టి తిప్పి చూసింది. మాడిన మచ్చ లేదు.

సాయంత్రం దొర బంగళా కావలి దావీదురాజు వచ్చాడు. ఈరక్కను బండెక్కించి వస్తున్నానన్నాడు.

"దొంగను సాగనంపితివా? దొర మా ఆయనకిచ్చిన చట్టి అది."

అప్పుడే వాకిట్లోకి వచ్చిన నారాయణ, దావీదురాజును చూసి చెప్పులు విప్పకుండానే ఆగిపోయాడు.

నాగలక్ష్మమ్మ మొగుడి ముఖం చూసింది. ఆయన నేల చూశాడు.

దావీదురాజు మెల్లగా అన్నాడు: "ఈరక్క దొరసానికి వంట చేసేదమ్మా. ఆయమ్మ తన కూతురి కాన్పుకు పోయింటే, వచ్చినాక ఆమెకియ్యమని దొరసాని ఈ చట్టిని రైటరప్ప చేతికిచ్చిపాయ. నీ చట్టి నువ్వు అడుగక్కా అని నేను పోరితే, 'ఆ తల్లి మొగుడి గొప్ప చెప్పుకొని మురిసిపోతాండాది, నాకు కడుక్కునే భాగ్యం చాలు' అనె."

— సుంకమ్మ, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు ఉండేది నందికొట్కూరులో.