అందించని డైలాగు

"డైలాగు ఎందుకు అందించలేదు నాన్నా?" మేకప్ తుడుచుకోకుండానే కూతురు తండ్రిని నిలదీసింది.

నాటక డిగ్రీకి సీటిచ్చే కాలేజీవాళ్లు ఇవాళ ముందు వరసలోనే కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఆమెకు డైలాగు గుర్తు రాలేదు. తెర పక్కన ప్రాంప్టరుగా నిలబడ్డ తండ్రివైపు చూసింది. ఎంతటి నటుణ్ణయినా గట్టెక్కించే ఆ మనిషి పెదవి కదపలేదు.

"పేజీ తప్పిందమ్మా."

"అబద్ధం. నీకా నాటకం కంఠతా వచ్చు."

ఆయన తల దించుకున్నాడు. "ఆ కాలేజీ ఫీజుకి ఇల్లమ్మాలి. చదివొచ్చాక నీకు దొరికేది నా పాటి జీతమే. లెక్కేసుకునే నోరు మూసుకున్నా."

"ఆ లెక్క ఇంట్లో చెప్పాల్సింది. నలుగురిలో నట్టేట ముంచావు."

"నీ మంచికేనే తల్లీ."

ఆమె మొహం తుడుచుకుంది. "రేపటి నాటకానికి నువ్వు రావద్దు. ఇన్నాళ్లూ నువ్వు పక్కనున్నావన్న ధైర్యంతోనే స్టేజీ ఎక్కాను. ఇక నువ్వుంటేనే భయం."