ఫోన్‌లో తాత

పదకొండు కొట్టేసరికి బక్కయ్య తలుపు దగ్గరికి వేసి, మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. తల దువ్వుకున్నాడు. మీసం సవరించుకున్నాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకుని వీడియో కాల్ కలిపాడు.

మనవడు కనిపించాడు. తొమ్మిది నెలలవాడు. తాతను చూసీ చూడగానే ఉన్న రెండు పళ్లూ బయటపెట్టి నవ్వాడు. బక్కయ్యకు కడుపు నిండిపోయింది.

కొడుకు మహిపాల్‌కు పుణెలో ఉద్యోగం. పురుడు కోడలి పుట్టింట్లో జరిగింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుకలో నిద్రపోతున్న పిల్లాణ్ని ఓసారి ఎత్తుకోవడం తప్పితే, తాత ముచ్చటలన్నీ బక్కయ్య ఫోన్‌లోనే తీర్చుకున్నాడు. వాడు బోర్లాపడ్డ వీడియో చూసి ఎల్బీ నగర్‌లో తన వీధి వీధంతా భక్ష్యాలు పంచిన మనిషాయన. వాడు కూర్చున్నదీ, వాడికి పన్ను వచ్చిందీ అన్నీ అరచేతిలోనే చూశాడు.

ఇక పాకడం ఒక్కటే మిగిలింది. ఆ మహానుభావుడేమో ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటాడు. దసరా సెలవులు రేపటితో సరి. ఎల్లుండి నుంచి కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే, పట్టపగలు ఈ భాగ్యం ఉండదు. వాడు మొదటిసారి పాకేది ఏ క్రెష్‌లో ఆయమ్మో చూస్తుంది. ఆ సంగతి తలుచుకుంటేనే బక్కయ్యకు ముద్ద దిగడం లేదు.

పైగా భార్య సుమిత్రమ్మ అయిదు రోజులుగా మనవడి దగ్గరే ఉంది. ఒళ్లంతా నూనె పట్టించి నీళ్లు పోయడం, ఒళ్లో వేసుకుని జోకొట్టడం, అన్నీ ఆమెకే. దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు షాపులు తిరిగి ఈయన కొన్న గిలక్కాయ మాత్రం కవరు కూడా విప్పకుండా దిండు పక్కనే పడి ఉంది.

కోడలు అలేఖ్య ఫోన్‌ను గోడకు ఆనించి, పిల్లాణ్ని కాస్త దూరంగా చాప మీద కూర్చోబెట్టింది.

"దా బిడ్డా, దా" అన్నాడు బక్కయ్య. వాడు నవ్వాడు గానీ కదల్లేదు.

బక్కయ్య గొంతు సవరించుకున్నాడు. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి తరలిపోయేదాకా ముప్పై ఏళ్లు బత్తాయి వేలం కేకలేసిన గొంతు అది. "నల్లగొండ బత్తాయీ... ఒకటోసారీ..." అని రాగం తీశాడు.

"జర మెల్లగ. ఫోన్ లేకున్నా ఇనబడుతున్నవ్" అని సుమిత్రమ్మ కసిరింది.

ఆయన పట్టించుకుంటేగా. అక్కడ పిల్లాడు రెండు చేతులూ చాపకు ఆనించాడు. నడుము లేపి ముందుకూ వెనక్కూ ఊగాడు. "రెండోసారీ..." అన్నాడు బక్కయ్య. ఒక మోకాలు కదిలింది. ఆ వెనకే రెండోదీ కదిలింది. బక్కయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వాడు పాకుతూ పాకుతూ ఫోన్ దాకా వచ్చాడు. ఫోన్ నిండా బుగ్గే. అంతలో చెయ్యి తగిలి ఫోన్ కాస్తా వెల్లకిలా పడింది. ఇక కనిపించేది తిరుగుతున్న ఫ్యాను ఒక్కటే.

"ఎటు పోయిండు వాడు? ఎవరన్న ఫోన్ లేపుండ్రి" అని బక్కయ్య పరేషానయ్యాడు.

పిల్లాడు పాకుతుంటే ఫోన్ సంగతి ఎవరికి కావాలి? తనకు ఫ్యాను చూపించి వాళ్లంతా ఆ సంబరం చూస్తున్నారని ఆయనకు ఉక్రోషం ముంచుకొచ్చింది. అయినా ఉండబట్టలేక, ఫ్యానుకేసి చూస్తూనే "మూడోసారీ..." అని సాగదీశాడు.

అయిదు రోజుల కిందట పుణె నుంచి పండక్కని ఇంటికి తీసుకురాగానే, ఫోన్‌లో అరచేయంత ఉండే తాత ఎదురుగా ఆరడుగులు నిలబడేసరికి జడుసుకుని, గుక్కపట్టి ఏడ్చి, ఆయన్ను ఈ గదిలోకి తరిమేసిన మనవడు, తలుపు తోసుకుని గడప దాటి వచ్చి తాత కాళ్లు పట్టుకున్నాడు.