ఒక్కదాన్నే పోత

ఆ పొద్దు ఇంట్లో నలుగురున్నారు. గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్న పెద్దబాపు రామచంద్రం, గోడకానుకుని తల వంచుకున్న బాపు రాజం, వాళ్లిద్దరినీ కన్న బాపమ్మ కమలవ్వ, సంచి పట్టుకుని నడింట్లో నిలబడ్డ మమత. మమత తల్లి నాట్లకు పోయింది. ఉన్నా ఆమెను అడిగేవాళ్లు లేరు.

“ఒక్కదాన్నే పోత,” మమత మళ్లీ అంది.

బడిలో హాజరు కూడా వినిపించీ వినిపించకుండా పలికే పిల్ల. పదిహేడేళ్లలో పెద్దబాపు ముందు నోరు విప్పడం ఇదే మొదలు.

“మెట్‌పల్లిల కాలేజి లేదా?” అన్నాడాయన.

“ఉంది. నాకొచ్చిన సీటు పట్నంల ఉంది. ఇయ్యాల ఆరింటిలోపు హాస్టల్ల చేరకుంటే వేరేటోళ్లకు ఇస్తరు.”

“ఇయ్యనీ. మీ బాపుకు నాట్లున్నయి. నాకు నా పనులున్నయి. తోలుకపోయేటోడు లేడు. ఆడివిల్ల ఒక్కతె హైదరాబాదు పోవుడు మన ఇంట్ల లేదు. ఏమంటవ్ రాజం?”

“నువ్వెట్లంటె గట్లనే అన్నా,” అన్నాడు బాపు, కూతురి వైపు చూడకుండా.

కమలవ్వ పక్కున నవ్వింది. “మెట్‌పల్లి అంగట్లనే తప్పిపోయిన పోరి. దీనికి పట్నం గావాల్నట. ఏందే, బస్సు యాడ దొరుకుతదో ఎరుకేనా?”

“మెట్‌పల్లి బస్టాండ్ల. పదింటికి ఎక్స్‌ప్రెస్. మనూర్లకెల్లి తొమ్మిదింటికి ఆటో.”

“ఏది ముందలొస్తె గది ఎక్కుతవా?”

“ఎక్క. ఎక్స్‌ప్రెస్సే ఎక్కుత. ఆడోళ్లకు టికెట్ పైసలు లేంది గండ్లనే.”

“ఆధార్ జిరాక్సు కాయితం సూపిస్తె కండక్టరు ఒప్పుకోడు. గది సుత తెల్వదు నీకు.”

“అసలు ఆధార్ కార్డే పట్టుకున్న,” మమత సంచి తట్టి చూపింది.

పెద్దబాపుకు ఇదంతా తమాషాగా ఉంది. “అడుగవ్వా, ఇంకా అడుగు,” అన్నాడు.

“జూబ్లీ బస్టాండ్ల దిగుతవ్. అటెన్క?”

“మెట్రో ఎక్కి సుల్తాన్ బజార్ల దిగుత. ఆడికెల్లి హాస్టల్‌కు నడిసిపోవచ్చు.”

“ఎవడో వచ్చి, బిడ్డా నేను దింపుత అంటడు. పండ్లికిలించుకుంట ఆని ఎంబడి పోతవ్.”

“పోను. పిల్లల్ని ఎత్తుకున్న ఆడోళ్ల పక్కకు పోయి నిలవడుత.”

ఈ జవాబులన్నీ నెల రోజులుగా డైరీలో రాసుకుని చదువుకుంటున్నవే. అందుకే ఎక్కడా తడుముకోలేదు.

“ఏడుపొస్తే?”

ఇది డైరీలో లేదు. బాపు తలెత్తి చూశాడు.

“వస్తే ఏడుసుకుంటనే పోత,” అంది. “వాపస్ మాత్రం రాను.”

పెద్దబాపు ముఖంలో నవ్వు ఆగిపోయింది. “సూసినవా తమ్మీ, ఎట్ల నోరు లేస్తుందో.”

కమలవ్వ కొంగు నడుముకు చెక్కి లేచింది.

“పెద్దోళ్ల ముందల గిట్లనేనా మాట్లాడేది? నడువు. తలుపేస్తెగాని నీ తిక్క కుదురది.” మమత ముంజెయ్యి పట్టి గుంజింది. “నీ సంచి సుత పట్టు. గీడ ఉంటె మల్ల దాని దిక్కే సూస్తవ్.”

“ఇడువు బాపమ్మా.”

ముసలిదాని పట్టు ఉడుం పట్టు. వంటింట్లోంచి, వెనక తలుపు గుండా యూరియా బస్తాలు దించుకునే చీకటి అర్రలోకి మనవరాలిని ఈడ్చుకుపోయింది. మమతకు కళ్లు మసకబారాయి. అయినా సంచి వదల్లేదు.

ముందింట్లోంచి పెద్దబాపు గొంతు వినిపించింది. “పొద్దుగూకే దాక తలుపు తియ్యకవ్వా.”

“తియ్య బిడ్డా. నువ్వు ఫికర్ జెయ్యకు,” కమలవ్వ వాడకట్టంతా వినేటట్టు అరిచింది.

మమతను ముందుకు ఒక్క తోపు తోసింది. తలుపు దబాలున మూసి గడియ పెట్టింది.

మమత వెనక వీధిలో ఉంది.