దొరసాని కుడికన్ను

“కన్ను తీసేయాల్సిందే,” అన్నాడు పశువుల డాక్టరు, టార్చి ఆపి జేబులో పెట్టుకుంటూ.

లాయం తలుపు దగ్గరున్న స్వారీ మాస్టారు వెంటనే నవ్వేశాడు. నవ్వకూడని చోట నవ్వడం ఆయనకు మొదటినుంచీ ఉన్న జబ్బు. “కన్ను తీయడమంటే కళ్లెం తీయడం అనుకున్నారా డాక్టరు గారూ? కళ్లెమైతే మళ్లీ తగిలించుకోవచ్చు.”

“అందులో చూపు పోయింది మాస్టారూ. నొప్పి ఒక్కటే మిగిలింది. ఏడాదిలో ఇది నాలుగోసారి తిరగబెట్టడం. వచ్చిన ప్రతిసారీ ఆ వాపు కంటిని లోపల్నించి కొంచెం కొంచెం తినేసింది. ఇక తినడానికేం లేదు.”

ఆడగుర్రం దొరసాని గోడవైపు తిరిగి నిలబడి ఉంది. కిటికీకి గోనెపట్టా కట్టినా, సందుల్లోంచి వచ్చే ఆ కాస్త వెలుతురుకే ఓర్చుకోలేక కుడికన్ను గట్టిగా మూసుకుంది. ఎర్రటి చెంప మీద కన్నీటి చార తడిగా మెరుస్తోంది.

“పొద్దున నన్ను చూసి కన్ను కొట్టింది. చూపు లేకుండానే కొట్టిందా?” అన్నాడు మాస్టారు.

“కన్ను కొట్టడం కాదది. నొప్పికి తెరవలేకపోవడం,” అంది మాస్టారి భార్య.

ఆమె ఆ డాక్టరు దగ్గరే కాంపౌండరు. ఊరందరికీ స్వారీ నేర్పిన మాస్టారు సారీ చెప్పడం మాత్రం నేర్చుకోలేదు. అందుకని ఏడాదిన్నరగా ఆమె అన్నగారింట్లో ఉంటోంది. లాయం వెనకున్న తమ రెండు గదుల ఇంటికి ఆమె వచ్చేది దొరసాని కన్ను ఎర్రబడినప్పుడే. వస్తే పదిరోజులు ఉండేది. గంటగంటకూ చుక్కల మందు వేయాలంటే తల పట్టుకోవడానికి ఒకరు, రెప్ప విప్పడానికి ఒకరు కావాలి. కన్ను అంత మంట మీదున్నప్పుడు వేరేవాళ్లెవరైనా చెయ్యి వేస్తే దొరసాని వాళ్లకు పట్టపగలే చుక్కలు చూపించేది.

ఆ పదిరోజులూ మొగుడూ పెళ్లాం దాని మెడకు అటొకరు, ఇటొకరు నిలబడి, మాటలన్నీ గుర్రంతోనే చెప్పుకునేవారు.

“దొరసానీ, మీ మాస్టారి చొక్కాకు రెండు బొత్తాలు లేవు, చూసుకున్నారో లేదో అడుగు.”

“దొరసానీ, చూసుకుని మాత్రం ఏం చేస్తారట, కుట్టే చెయ్యి ఊళ్లో లేకపోతే?”

మర్నాటికి బొత్తాలు కుట్టి ఉండేవి. కుట్టిన సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

“ఇంకొక్క పదిరోజులు చూద్దాం,” అన్నాడు మాస్టారు, ఈసారి భార్యతో. “నువ్వు సెలవు పెట్టు. గంటకోసారి కాదు, అరగంటకోసారి వేద్దాం. తల నేను పట్టుకుంటాను.”

“తల పట్టుకోవాల్సింది నేను మాస్టారూ,” అన్నాడు డాక్టరు. “ఈ అమ్మాయి చెయ్యి పడితే పదోరోజుకల్లా కన్ను తేటపడుతుంది. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది. కొన్నిటి తత్వమే అంతేమో. ఏమ్మా, నువ్వేమంటావు?”

ఆమె దొరసాని జూలులో వేళ్లు దూర్చింది.

“తీసేయండి,” అంది.

“నువ్వూ అదే మాటా?”

“అది మేత ముట్టి రెండురోజులైంది. మీకు కనపడటం లేదా?”

“కనపడనిది దానికి కదా,” అని మాస్టారు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. డాక్టరు చాపిన కాగితం మీద సంతకం పెట్టాడు.

మెడలో సూది పడగానే దొరసాని నిలబడే తూగింది. బరువంతా మాస్టారి భుజం మీదికి వచ్చింది. ఎప్పట్లాగే ఆయన తల పట్టుకున్నాడు. ఎప్పట్లాగే ఆమె అవతలి పక్క నిలబడింది. డాక్టరుకు ఒక్కో పనిముట్టూ అందించింది. గంటన్నర తర్వాత స్టీలు గిన్నె మీద గుడ్డ కప్పి, ఆయనకు కనపడకుండా బయటికి తీసుకెళ్లింది.

“బతికిపోయింది. రేపటినుంచి మేత తింటుంది చూడండి,” అన్నాడు డాక్టరు చేతులు తుడుచుకుంటూ. “కుట్లు నేనొచ్చి విప్పుతాను. ఎడమకన్ను శుభ్రంగా ఉంది. చుక్కల మందుతో ఇక పనిలేదు.”

డాక్టరు బండి వెళ్లిపోయింది. ఆమె చేతులు కడుక్కుని సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.

“అప్పుడేనా?” అన్నాడు మాస్టారు.

“నాలుగింటికి బస్సుంది. ఉండి చేసేదేముంది ఇక్కడ?”

ఆయన ఏదో చమత్కారం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. జీవితంలో మొదటిసారి ఉన్నమాట ఉన్నట్టుగా చెప్పాడు.

“కన్ను తేటపడ్డాక కూడా ఇంకో నెల, రోజుకు మూడుసార్లు చుక్కలు వేయమని నువ్వు చెప్పి వెళ్లేదానివి. మంట తగ్గాక అది నా ఒక్కడి చేత్తో కూడా వేయించుకునేది. నేనే వేయలేదు. నువ్వు బస్సెక్కిన మర్నాడే ఆపేసేవాణ్ణి. కన్ను మానింది కాబట్టి మందు మానేశానని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మళ్లీ ఎర్రబడితే మళ్లీ వస్తావని ఆపాను. దాని కన్ను తిన్నది వాపు కాదు, నేను.”

తిడుతుందనుకున్నాడు. కొడుతుందేమోనని కూడా అనుకున్నాడు. ఆమె సంచీ మూతి బిగించింది.

“తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“రెండోసారి వచ్చినప్పుడే తెలిసింది. గూట్లో మందుసీసా నేను పెట్టి వెళ్లినంత నిండుగానే ఉంది.”

“మరి అప్పుడే నన్ను నిలదీయలేదేం?”

ఆమె వెళ్లి దొరసాని కట్టుకు తగలకుండా, దాని చెంపకు చెంప ఆనించింది.

“నిలదీస్తే మీరు సిగ్గుపడి మందు వేసేవారు. దీని కన్ను బాగైపోయేది. ఆ తర్వాత నన్నెవరు పిలిచేవారు?”